రెండు చుక్కలు, ఒక అమానత్

పల్స్ పోలియో ఆదివారం గుంటూరు, ప్రకాశం మెట్టల్లో చాలాసార్లు మిరప కోతల రోజుల్లోనే పడుతుంది. కల్లాల్లో కాయ ఎండుతూ ఉంటుంది, పత్తి ఆఖరి తీతలు నడుస్తుంటాయి, కూలికి పోయేవాళ్లు తెల్లారకముందే ఆటో ఎక్కేస్తారు. ఇంట్లో మిగిలేది నానీ (అమ్మమ్మ), ఐదేళ్లలోపు పిల్లలు. భుజాన ఐస్ బాక్స్ తగిలించుకుని ఆశా కార్యకర్త, పక్కన అంగన్‌వాడీ టీచరు గుమ్మం ముందు నిలబడితే కొన్ని ముస్లిం ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది. "బిడ్డ బాగానే ఉన్నాడు కదమ్మా, రోగం లేనివాడికి మందెందుకు? అల్లా ఇచ్చిన ప్రాణం, అల్లాయే చూసుకుంటాడు."

చదువుకున్నవాళ్లకు ఆ మాట వినగానే విసుగొస్తుంది. నిజానికి అందులో రెండు పెద్ద ప్రశ్నలున్నాయి. దేవుడి మీద భారం వేసినవాడు ముందుజాగ్రత్త పడితే ఆ నమ్మకానికి లోటు వస్తుందా? బిడ్డ ఒంటి మీద తల్లిదండ్రుల హక్కు ఎంతవరకు? ఇస్లాం పండితులు వీటి మీద పద్నాలుగు వందల ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు. గుమ్మంలో నిలబడ్డ ఆ నానీకి పనికొచ్చే జవాబులు ఆ వాదనల్లో దండిగా ఉన్నాయి. పోలియో ప్రచారం మాత్రం అక్కడిదాకా వెళ్లడం అరుదు. గోడకు పోస్టరు అతికిస్తారు, ఆటోలో మైకు తిప్పుతారు, అడిగినవాళ్లకు "మంచిదమ్మా, వేయించుకోండి" అని చెప్పి పక్కింటికి వెళ్తారు.

మొదటి ప్రశ్న ఎంత పాతదంటే, అది రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ ముందుకే వచ్చింది. హిజ్రీ 18వ ఏడు ప్రాంతంలో, అంటే క్రీ.శ. 639 నాటికి, ఆయన మదీనా నుంచి సిరియాకు బయల్దేరారు. సర్గ్ అనే చోటికి చేరేసరికి సేనానులు ఎదురొచ్చి, ముందున్న ప్రాంతంలో ప్లేగు పుట్టిందని చెప్పారు. వెళ్లాలా, వెనక్కి మళ్లాలా? ఉమర్ ముందుగా మక్కా నుంచి వలస వచ్చిన ముహాజిర్లను పిలిచి అడిగారు. వాళ్లకు ఏకాభిప్రాయం కుదరలేదు. మదీనావాసులైన అన్సార్లను అడిగితే వాళ్లూ రెండుగా చీలారు. ఖురైష్ పెద్దలు మాత్రం జనాన్ని ఆ తెగులులోకి తీసుకెళ్లొద్దని ఒకే మాటగా చెప్పారు. తెల్లవారగానే తిరుగు ప్రయాణమని ఖలీఫా ప్రకటించారు. అప్పుడు సేనాపతి అబూ ఉబైదా నిలదీశారు, అల్లా రాసిన రాతను తప్పించుకుని పారిపోతారా అని.

ఉమర్ చెప్పిన జవాబు సహీహ్ బుఖారీ అనే హదీసుల, అంటే ప్రవక్త మాటల, సంకలనంలో నమోదైంది. అల్లా రాసిన ఒక రాత నుంచి ఆయనే రాసిన ఇంకో రాత వైపు వెళ్తున్నామన్నది దాని సారం. ఒక లోయలో ఒక వైపు పచ్చిక, ఇంకో వైపు బీడు ఉంటే, ఒంటెలను పచ్చిక వైపు తోలినా అది దైవ నిర్ణయమే, బీడు వైపు తోలినా దైవ నిర్ణయమే కదా అని ఆయన ఎదురు ప్రశ్న వేశారు. ఈలోగా అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ వచ్చారు. తెగులు పుట్టిన చోటికి వెళ్లొద్దని, తామున్న చోటే పుడితే అక్కడి నుంచి పారిపోవద్దని ప్రవక్త చెప్పగా విన్నానని సాక్ష్యమిచ్చారు. ఉమర్ అల్లాను స్తుతించి వెనక్కి మళ్లారు.

ఈ ఘట్టంలో మరిచిపోకూడనిది ప్రశ్న అడిగినవారి స్థాయి. అబూ ఉబైదా ప్రవక్త సహచరుల్లో అగ్రగణ్యుడు. తన సైన్యంతోనే ఉండిపోయి, ఆ ప్లేగులోనే కన్నుమూశారు. అంతటివారికి వచ్చిన సందేహం గుంటూరు ఆనందపేటలోనో మార్కాపురంలోనో ఒక నానీకి వచ్చిందంటే ఆమెను తక్కువ చేసి చూడాల్సిన పని లేదు. ఆమెకు కావాల్సింది ఉమర్ ఇచ్చినంత ఓపికైన జవాబు.

నిజాయితీగా చెప్పాలంటే, అవతలి పక్షానికీ హదీసుల ఆధారం ఉంది. లెక్కాపత్రం లేకుండా స్వర్గంలోకి వెళ్లే డెబ్బై వేల మంది గురించిన హదీసు అది. మంత్రాలు వేయించుకోకుండా, వాతలు పెట్టించుకోకుండా ప్రభువునే నమ్ముకున్నవాళ్లని అందులో వాళ్లను వర్ణించారు. మందు మానేయడమే ఉత్తమ భక్తి అనేవాళ్లు దీన్ని ముందుకు తెస్తారు. ఈ చిక్కుముడిని అందరికంటే శ్రద్ధగా విప్పినవారు ఇమామ్ గజాలీ. 1111లో మరణించిన ఆయన, ఇహ్యా ఉలూమ్ అద్దీన్ అనే మహాగ్రంథంలో తవక్కుల్ కోసం, అంటే దైవం మీద భారం వేయడం కోసం, ఒక అధ్యాయమే కేటాయించారు. కీడును తొలగించే సాధనాలను అక్కడ మూడు తరగతులుగా విడదీశారు. దాహానికి నీళ్లు, ఆకలికి రొట్టె లాంటివి నిశ్చయమైనవి. వాటిని మానేయడం భక్తి అనిపించుకోదు, ప్రాణం మీదికి వస్తే అది నిషిద్ధం కూడా. వాతలు, మంత్రాల లాంటివి ఊహ మీద ఆధారపడ్డవి, దైవాన్ని నమ్ముకున్నవాడు వాటిని వదిలేయాలి. నడుమ ఉన్నవి ఫలిస్తాయని బలంగా అనుకోదగినవి. ఆనాటి వైద్యమంతా ఆయన దృష్టిలో ఈ కోవలోకి వస్తుంది, దాన్ని వాడుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

మరి పోలియో చుక్కలు ఏ తరగతిలోకి వస్తాయి? గజాలీ కాలపు మందుల ఫలితాన్ని లెక్కకట్టి చూపినవాళ్లు లేరు. చుక్కల ఫలితం మాత్రం దేశం కళ్లెదుట ఉంది. 2009లో భారతదేశంలో 741 పోలియో కేసులు, ఆ ఏడాది ప్రపంచంలో మరే దేశంలోనూ అన్ని లేవు. 2010లో 42. 2011లో ఒకే ఒక్కటి, జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఓ చిన్నపాపకు. ఆ తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల ఒక్క బిడ్డకూ కాలు చచ్చుబడలేదు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌తో సహా ఆగ్నేయాసియా ప్రాంతమంతా పోలియో రహితమని ధ్రువీకరించింది. గజాలీ కొలబద్దతోనే చూస్తే ఈ మందు నడిమి తరగతి దాటి నీళ్లు, రొట్టె ఉన్న వరస దగ్గరికి వచ్చేసిందని వాదించవచ్చు. అలా వాదించే మౌల్వీ సాబ్‌లు ఇంకా ఎక్కువ మంది ఉండాలి.

"రోగం లేనివాడికి మందెందుకు" అన్నదానికి మెట్ట రైతు దగ్గరే జవాబుంది. విత్తనం ఎంత నికార్సైనదైనా విత్తనశుద్ధి చేయకుండా నారుమడిలో చల్లడు, తెగులు సోకాక చేయడానికి అది పనికిరాదు గనుక. పోలియో సంగతీ అంతే. ఈ వైరస్ మలం కలిసిన నీళ్లు, చేతులు, తిండి ద్వారా నోట్లోకి పోయి పేగుల్లో పెరుగుతుంది. సోకిన పిల్లల్లో ఎక్కువ మందికి జ్వరం కూడా తెలియదు. సుమారు 200 మందిలో ఒకరికి నరాలు దెబ్బతిని కాలో చెయ్యో శాశ్వతంగా చచ్చుబడుతుంది. అలా పడ్డాక దాన్ని వెనక్కి తెచ్చే మందు నేటికీ లేదు. పైకి ఏమీ లేని బిడ్డ కూడా వారాల తరబడి వైరస్‌ను మలంలో వదులుతూ పక్కింటి పిల్లలకు అంటిస్తాడు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట, సంగడిగుంట వైపు తాగునీటిలో మురుగు కలిసి అతిసారం చెలరేగింది, పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ వీధుల జనానికి నీళ్ల గొట్టంలోకి మురుగు ఎలా చేరుతుందో, చేరితే ఏమవుతుందో ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. పోలియో నడిచే దారి కూడా అదే.

రెండో ప్రశ్న బిడ్డ గురించి. డెబ్బై వేల మంది హదీసును ఎంత గట్టిగా పట్టుకున్నా, అది చెప్పేది తన ఒంటికి తాను చేసుకునే నిర్ణయం గురించే. గజాలీ ఇక్కడ చాలా కచ్చితంగా ఉన్నారు. ఒంటరివాడు సంపాదన మానేసి దైవం మీద భారం వేసి ఆకలికి ఓర్చుకోవచ్చు, కానీ ఆలుబిడ్డలున్నవాడు ఆ ఆకలిని వాళ్ల మీద రుద్దకూడదన్నారు. ఈ ఒక్క భేదంతో మన ప్రశ్న చాలావరకు తేలిపోతుంది. మందు మానేసి నమ్మకాన్ని పరీక్షించుకునే హక్కు పెద్దలకు ఉంటే ఉండొచ్చు గాక, ఏడాది బిడ్డ కాళ్లను పణంగా పెట్టి ఆ పరీక్షకు కూర్చునే హక్కు మాత్రం ఎవరికీ లేదు. బిడ్డలు అల్లా అప్పగించిన అమానత్, అంటే నమ్మి దాచమన్న సొత్తు అని ముస్లిం ఇళ్లలో పెద్దలు రోజూ అనే మాటే. అమానత్‌ను కాపాడేవాడే తప్ప దానికి యజమాని అయినవాడు లేడు.

ఈ మాటను ఆధునిక ఫిఖ్ (ఇస్లామిక్ ధర్మశాస్త్రం) పండితులు తీర్మానంగానే రాశారు. ఇస్లామిక్ దేశాల సహకార సంస్థ కింద పనిచేసే అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1992 మేలో జెద్దాలో సమావేశమై వైద్యం మీద 67వ తీర్మానం చేసింది. చిన్నపిల్లల చికిత్సకు సంరక్షకుడి అనుమతి కావాలని అందులో ఉంది. అయితే ఆ సంరక్షకుడి నిరాకరణ బిడ్డకు స్పష్టంగా హాని చేసేదైతే దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదని, అంటువ్యాధులు, నివారణ టీకాల విషయంలో ప్రభుత్వం చికిత్సను తప్పనిసరి చేయవచ్చని కూడా ఉంది. మసీదు కమిటీల దగ్గర ఈ తీర్మానం తెలుగు ప్రతి ఉండాలి.

ఇక హలాలా, హరామా అన్న సందేహం. చుక్కల మందులో పంది కొవ్వు కలుస్తుందన్న పుకారు ఈ ప్రాంతానికీ వచ్చింది, వాట్సాప్ వచ్చాక ఇంకా వేగంగా తిరుగుతోంది. వాస్తవం ఇది. పోలియో చుక్కల కోసం, చాలాచోట్ల కోతి మూత్రపిండాల నుంచి తీసి ప్రయోగశాలల్లో పెంచిన కణాల మీద, బలహీనపరిచిన వైరస్‌ను పెంచుతారు. ఆ కణాలను విడదీయడానికి ట్రిప్సిన్ అనే ఎంజైమ్ వాడతారు. కొన్నిచోట్ల అది పంది నుంచి వచ్చినది కావచ్చు. తర్వాత దాన్ని కడిగి తొలగిస్తారు, సీసాలో చేరేది వైరస్, లవణాలు, రంగునిచ్చే పదార్థం లాంటివే. ఈ తయారీ వివరాలన్నీ ముందు పెట్టుకునే యూరోపియన్ ఫత్వా మండలి 2003లో పోలియో టీకాను అనుమతించింది. పదార్థం పూర్తిగా రూపం మారితే, కడిగి తొలగిస్తే పాత తీర్పు వర్తించదన్నది ఒక సూత్రం. ప్రాణాపాయం తప్పించడానికి నిషిద్ధమైనదీ అవసరం మేరకు అనుమతమే అన్నది ఇంకొకటి. ఇండోనేషియా ఉలమా మండలి కూడా ఆ దశకంలోనే పోలియో టీకాలకు పచ్చజెండా ఊపింది. ఆశా కార్యకర్త "అలాంటిదేం లేదమ్మా" అని దాటవేయడం కంటే, ఉన్నదున్నట్టు చెప్పి పండితులు ఏమన్నారో చెప్పడం మేలు. దాచిన సగం సంగతి రేపు ఫోన్లో వీడియోగా వస్తే చెప్పిన మిగతా సగాన్ని కూడా ఎవరూ నమ్మరు.

ఈ సందేహానికి కళ్లెదుట కనపడే జవాబు హజ్ యాత్ర. 2023లో విజయవాడ నుంచే హజ్ విమానాలు మొదలయ్యాయి. యాత్రికులకు ప్రయాణానికి ముందు ప్రభుత్వం టీకా శిబిరాలు పెడుతుంది. మన దేశపు యాత్రికులకు మెనింజైటిస్ సూదితో పాటు నోట్లో పోలియో చుక్కలు వేయడం ఏళ్లుగా నడిచిన ఏర్పాటు. పోలియో ఇంకా ఉన్న దేశాల నుంచి వచ్చేవాళ్లకు చుక్కలు వేసుకున్న పత్రం లేనిదే సౌదీ అరేబియా అడుగు పెట్టనివ్వదు. మక్కా బయల్దేరిన తాతయ్య నోట్లో పడిన మందు మనవడి నోట్లో పడితే తప్పెలా అవుతుంది?

పిల్లలు పుట్టకుండా చేసే మందన్న పుకారుకు వేరే చరిత్ర ఉంది. ఎమర్జెన్సీలో, 1976–77 ఒక్క ఏడాదిలోనే, దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి, వాటిలో మగవాళ్లవే ఎక్కువ. హర్యానాలో ఉట్టావర్ లాంటి ముస్లిం గ్రామాలను పోలీసులు చుట్టుముట్టి మగవాళ్లను పట్టుకెళ్లారు. ఆ గాయం మీదే ఉత్తరప్రదేశ్‌లో పోలియో పుకారు మొలిచింది. 2002లో దేశంలో నమోదైన 1,600 కేసుల్లో 1,200కు పైగా ఆ ఒక్క రాష్ట్రంలోవే. వాటిలో ముస్లిం పిల్లల వాటా జనాభాలో వాళ్ల వాటాకు ఎంతో మించింది. భయపడి తలుపులు మూసుకున్న ఇళ్లలోనే కాళ్లు పడిపోయాయి. ఇంతకన్నా బాధాకరమైన లెక్క పోలియో చరిత్రలో లేదు.

ఆంధ్రలో ఆ పుకారు నిలబడదు, నిలబడకూడదు. ఇక్కడ పెళ్లైన ఆడవాళ్లలో పదిమందికి దాదాపు ఏడుగురు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అందరికీ తెలిసి, ఆసుపత్రిలో చేసే పని అది. దాన్ని రెండు చుక్కల్లో దాచి చేయాల్సిన అవసరం ఏ సర్కారుకూ లేదు. ఇంకో రుజువు వీధిలో నడుస్తోంది. దేశవ్యాప్త పల్స్ పోలియో 1995లో మొదలైంది. ఆనాడు చుక్కలు వేయించుకున్న పిల్లలకు ఇప్పుడు ముప్పై ఏళ్లు దాటాయి, ఈనాడు వాళ్లే తమ పిల్లలను ఎత్తుకుని బూత్‌కు వస్తున్నారు.

అయినా నమ్మకం లెక్కలతో రాదు. ఎందుకు రాదో తెలియాలంటే తెలుగు నేల మీదే జరిగిన ఒక సంగతి చెప్పుకోవాలి. 2009లో ఖమ్మం జిల్లాలో ఒక విదేశీ సంస్థ ప్రాజెక్టు కింద దాదాపు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ నివారణ టీకా వేశారు. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు ఎన్నో చోట్ల వార్డెన్లు పెట్టారు. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తల నడుమ 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. కానీ సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. మందులో లోపం లేకపోయినా అడగాల్సినవాళ్లను అడగకపోవడం వల్ల ఎంత చేటు జరుగుతుందో చెప్పడానికి ఇది చాలు. బయటి దేశాల్లోనూ ఇలాగే నమ్మకం చెడింది. నైజీరియాలోని కానోలో 1996లో ఒక మందుల కంపెనీ పిల్లల మీద చేసిన ప్రయోగం చేదు జ్ఞాపకమై 2003లో పోలియో బహిష్కరణకు దారితీసింది. ముస్లిం దేశమైన ఇండోనేషియాలో తయారైన టీకా తెప్పించాకే 2004లో అది సద్దుమణిగింది, ఈలోగా వైరస్ ఎన్నో దేశాలకు పాకింది. 2011లో అబోటాబాద్‌లో బిన్ లాడెన్ జాడ కోసం అమెరికా గూఢచారి సంస్థ హెపటైటిస్ టీకా నాటకం ఆడించింది. ఆ మోసానికి ఈనాటికీ మూల్యం చెల్లిస్తున్నది పాకిస్తాన్‌లో ప్రాణాలకు తెగించి తిరిగే టీకా కార్యకర్తలు, అక్కడి పసిపిల్లలు. 2024లో పాకిస్తాన్‌లో 74 మంది, అఫ్గానిస్తాన్‌లో 25 మంది పిల్లలు పోలియో బారిన పడ్డారు.

అదే 2024లో గాజాలో పాతికేళ్ల తర్వాత ఒక పది నెలల బాబు కాలు పోలియోతో చచ్చుబడింది. బాంబుల మధ్య కొన్ని గంటల విరామం దొరికితే తల్లులు గుడారాల నుంచి పిల్లలను ఎత్తుకొచ్చి వరసల్లో నిలబడ్డారు. సెప్టెంబరులో తొలి విడతలోనే ఐదున్నర లక్షలకు పైగా పిల్లలకు చుక్కలు పడ్డాయి. ముస్లిం తల్లికి టీకా అంటే గిట్టదని రాసేవాళ్లు ఆ వరసలను ఒకసారి తలచుకోవాలి.

"ఇప్పటికే ఎన్నిసార్లు వేశారు, మళ్లీ ఎందుకు?" అన్నది మతంతో సంబంధం లేని ప్రశ్న, దానికి సూటి జవాబుంది. విరేచనాలు, ఇతర క్రిములు ఎక్కువగా ఉండే మన పరిస్థితుల్లో ఒక్కో విడత చుక్కలు అందరి పేగుల్లో నిలబడవు. అందుకే పుట్టగానే, ఆపైన ఆరు, పది, పద్నాలుగు వారాలకు, ఏడాదిన్నర ప్రాంతంలో మళ్లీ వేస్తారు. వాటికి తోడు చర్మంలోకి కొద్దిపాటి పోలియో సూది కూడా ఉంది. ఆ సూదిని దేశంలో మొదట అందుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి.

ఇంకొకటి దాచకుండా చెప్పాలి. చుక్కల్లో ఉండేది బతికున్న, బలహీనపరిచిన వైరస్. లక్షల డోసుల్లో ఎక్కడో ఒకసారి అదే పక్షవాతం తేగలదు. టీకాలు సరిగా పడని చోట చేతులు మారుతూ మళ్లీ బలం పుంజుకోగలదు కూడా. 2016 ఏప్రిల్ 25న దేశం రెండో రకం వైరస్‌ను చుక్కల్లోంచి తీసేసింది ఈ కారణంగానే. ఆ వెంటనే హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటిలో రెండో రకం టీకా వైరస్ మారిన రూపంలో దొరికింది. ఒక్క బిడ్డకూ జబ్బు రాలేదు. అయినా జూన్ 20 నుంచి వారం పాటు హైదరాబాద్, రంగారెడ్డిలో ప్రమాదం ఎక్కువని గుర్తించిన వీధుల్లో మూడు లక్షలకు పైగా పిల్లలకు సూది వేశారు. అనుకున్న పిల్లల్లో 94 శాతానికి అందింది. ఏం దొరికిందో, ఎందుకు వేస్తున్నారో ముందుగా పత్రికల్లో చెప్పి చేసిన పని అది.

ఫిఖ్ అకాడమీ అనుమతించింది కదా అని ప్రభుత్వం బలవంతం చేయాలా? పాకిస్తాన్‌లో సింధ్ రాష్ట్రం 2023లో టీకా నిరాకరించే తల్లిదండ్రులకు జైలు శిక్ష పెడుతూ చట్టం చేసింది. ఎమర్జెన్సీ చూసిన దేశంలో ఆ దారి పట్టడం తప్పు. పోలీసును చూసి తలుపు తీసిన ఇల్లు తర్వాతి విడతకు బిడ్డను బంధువుల ఊరు పంపేస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో పని జరిగింది వేరే దారిలో. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా, జామియా హమ్‌దర్ద్ లాంటి సంస్థలు కలిసొచ్చాయి, లక్నో ఫిరంగీ మహల్ మతపెద్దలు ముందుకొచ్చారు, అదే బస్తీ ఆడవాళ్లు ఇల్లిల్లూ తిరిగారు. చుక్కలైతే నెలనెలా వస్తాయి గానీ మురుగు కాలువ, జ్వరానికి మందు రావేమని అక్కడి జనం అడిగిన ప్రశ్నను పట్టించుకున్నాక తలుపులు తెరుచుకున్నాయి. ఆనందపేట కూడా అడగదగిన ప్రశ్నే అది.

పైగా మన మెట్టల్లో ముస్లిములంతా ఒక మూసలో ఉండరు. పాత గుంటూరులో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు వేరు. తరతరాలుగా ఊరూరా పత్తి ఏకిన దూదేకులవాళ్లు వేరు, వాళ్ల ఇంటి భాషే తెలుగు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి, నాదస్వరంతో శ్రీరంగం దాకా వెళ్లిన షేక్ చిన మౌలానా ఈ నేల బిడ్డే. కాలే మస్తాన్ వలీ దర్గాకు మొక్కుకుని మస్తానయ్య, మస్తానమ్మ అని పేర్లు పెట్టుకున్న హిందూ కుటుంబాలు గుంటూరు చుట్టూ ఎన్నో. ఢిల్లీలో అచ్చేసిన ఉర్దూ కరపత్రం దూదేకుల ఇంట్లో ఎవరూ చదవరు. దర్గా పెద్ద మాట వినే ఇంట్లో వేరే జమాత్ మౌల్వీ మాట చెల్లకపోవచ్చు.

పోలియో బృందం వెళ్లాక ఇంటి గోడ మీద సుద్దముక్కతో తేదీ, ఇంటి నంబరు, బాణం గుర్తు ఉంటాయి. పిల్లలందరికీ పడితే 'పీ' అని, ఒక్కరు మిగిలినా 'ఎక్స్' అని రాస్తారు. చుక్కలు పడ్డ బిడ్డ ఎడమ చిటికెన వేలి గోటి మీద మార్కర్ గీత ఉంటుంది. ఎక్స్ ఇంటికి మర్నాడు మళ్లీ వెళ్లాలి. తాళం వేసి మిరప కోతకు పల్నాడు వెళ్లిన ఇల్లు వేరు, బిడ్డకు జ్వరమని ఆగిన ఇల్లు వేరు, వద్దన్న ఇల్లు వేరు. మొదటిదానికి కావాల్సింది చేలగట్ల మీది డేరాల దాకా వెళ్లే బృందం. పశ్చిమ ప్రకాశం నుంచి వలస వచ్చిన పిల్లలు సొంతూరి జాబితాలో గైర్హాజరు, కోతల ఊరి జాబితాలో అసలు లేరు. వద్దన్న ఇంటికి అదే ఆశా కార్యకర్తను అదే మాటతో రెండోసారి పంపితే అదే జవాబు వస్తుంది.

జుమా నమాజు తర్వాత ఇమామ్ సాబ్ మైకులో చెప్పడం మంచిదే, చాలా ఊళ్లలో చెబుతున్నారు కూడా. కానీ ఆ మాట వినేది మగవాళ్లు, గుమ్మంలో నిలబడేది నానీ, తల్లి. మైకును ఎదురు ప్రశ్న అడగడం కుదరదు. ఆడపిల్లల మదరసాల్లో చదివి వచ్చిన ఆలిమాలు ఇప్పుడు గుంటూరు, ఒంగోలు, నరసరావుపేట వైపు కనిపిస్తున్నారు. ఆడవాళ్లు గుమిగూడే ఇజ్తిమాల్లో దీన్ చెప్పేది వాళ్లే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లు పోలియో ఆదివారానికి ముందు వాళ్లను కూర్చోబెట్టుకుని మందు తయారీ, అరుదైన ప్రమాదం, ఫిఖ్ అకాడమీ తీర్మానం అన్నీ చెప్పి, ఎక్స్ ఇళ్లకు ఏఎన్ఎంతో పాటు పంపవచ్చు. తండ్రి గల్ఫ్‌లోనో లారీ మీదో ఉంటే ఆ పూటే ఫోన్లో కలపమని అడగాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో నానీ ఆగుతున్నది కొడుకో అల్లుడో ఒప్పుకుంటాడో లేదోనని మాత్రమే.